హిప్పీలు పెట్టిన ఊరు: పన్నెండేండ్ల ఉమ్మడి కుండ

హిప్పీ అనే మాట మన ఊర్లకు జుట్టు రూపంల వచ్చింది. చెవుల మీదికి వెంట్రుకలు పెంచిన పోరన్ని జూస్తే చాలు, "ఏందిరా ఆ హిప్పీ కటింగు" అని ఇంట్ల పెద్దోళ్లు గయ్యిమనేటోళ్లు. 1971ల దేవ్ ఆనంద్ 'హరే రామ హరే కృష్ణ' సినిమా వచ్చినంక ఆ బొమ్మ ఇంక గట్టిపడ్డది: గంజాయి, చిలుం, ఖాట్మండు గల్లీలు, పని పాట లేని గుంపు. యాభై ఏండ్లు దాటినా మన బుర్రలల్ల అట్లనే ఉన్నది.

సరిగ్గ అదే 1971ల అమెరికాల టెనెస్సీ రాష్ట్రంల, సమ్మర్‌టౌన్ అనే చిన్న ఊరి దగ్గర మూడు వందల మంది హిప్పీలు పాత స్కూల్ బస్సులల్ల దిగిన్రు. వెయ్యి ఎకరాలకు పైన భూమి కొన్నరు, ఎకరం 70 డాలర్ల చొప్పున. సారా లేదు, సిగరెట్ లేదు, మాంసం లేదు. పొద్దుగాల లేసి పనికి పోవుడు, ఎవరు సంపాయించినా ఒక్క ఖజానాలనే ఏసుడు, అందరు ఒక్క కుండల బువ్వ తినుడు. ఊరికి 'ది ఫార్మ్' అని పేరు పెట్టుకున్నరు. ఫార్మ్ అంటే పొలం, అంతకుమించి అర్థం ఏం లేదు. పదేండ్లు తిరిగేసరికి అండ్ల పన్నెండు వందల మందికి పైన అయిన్రు. 1983ల ఆ ఉమ్మడి కుండ పగిలింది. ఊరు మాత్రం ఇయ్యాలటికి ఉన్నది.

ఎక్కడో అమెరికాల ముచ్చట మనకెందుకంటరా? ఈ మధ్య యువజనుల మీటింగుకు పోయిన ప్రతిసారి ఒకరన్న అడుగుతున్నరు: "అన్నా, దోస్తులం ఆరుగురం ఉన్నం, తలా ఇంత ఏసుకొని భూమి కొందమనుకుంటున్నం. అందరం ఒక్కతాన ఉండి, మందులు లేని పంట తీసుకుంట బతుకుతం. అయితదా?" పట్నంల ఉద్యోగం జేసి విసిగినోడు అడుగుతున్నడు, ఊర్లె ఉండి ఫోన్ల వీడియోలు జూసినోడు అడుగుతున్నడు. మంచి కోరికనే. ఆ కోరికను మనకన్న ముందే, మనకన్న పెద్దగ, పాణం పెట్టి నడిపి జూసినోళ్లున్నరు. వాళ్లకు ఏడ అచ్చొచ్చింది, ఏడ ఎదురుతన్నింది అన్నది తెలుసుకుంటే, అయితదా కాదా అన్నది మీరే లెక్కేసుకోవచ్చు.

మొదలు, వీళ్లు ఇల్లు వదిలింది ఎందుకో జూద్దాం. 1960లల్ల వియత్నాం మీద అమెరికా యుద్ధం చేస్తున్నది. పద్దెనిమిదేండ్లు దాటిన పోరగాళ్లకు సర్కారు కాయితం పంపి పట్టాలం లోకి గుంజుకపోతున్నది. తమకు ఏ పాపం తెల్వని దేశం మీద బాంబులేసే చదువు మాకెందుకు, కార్లు కొనే జీతం మాకెందుకు అని లక్షల మంది తిరగబడ్డరు. 1967 ఎండకాలంల శాన్‌ఫ్రాన్సిస్కోల హైట్ యాష్‌బరీ అనే వాడకు దేశం నలుమూలల నుంచి పోరగాళ్లు చేరిన్రు. రెండేండ్లల్ల ఆ వాడ ఆగమైంది. ఆకలి, రోగాలు, మత్తు మందులు అమ్ముకునేటోళ్లు. అప్పుడు చాన మందికి ఒక్కటే తొవ్వ కనవడ్డది: భూమి. దేశమంత వేల కమ్యూన్లు లేసినయి. ఎక్కువ శాతం రెండు మూడు చలికాలాలు గూడ దాటలేదు. కొలరాడో రాష్ట్రంల 1965ల పెట్టిన డ్రాప్ సిటీల పాత కార్ల రేకులు కోసి గుమ్మటాల తీరు ఇండ్లు కట్టుకున్నరు. పేపర్లల్ల మస్తు పేరొచ్చింది. పేరు రాంగనే అడ్డమైనోళ్లంత వచ్చి పడ్డరు. ఎవర్నీ వద్దనొద్దు అన్న నియమం పెట్టుకున్నరు గదా, కట్టినోళ్లే లేసిపోవాల్సి వచ్చింది.

ఫార్మ్ అట్ల కూలలేదు. దానికి ఒక కారణం స్టీఫెన్ గాస్కిన్. కూలిన నాడు గూడ కారణాలల్ల ఆయనే ఒకడు, అది తర్వాత.

గాస్కిన్ మెరైన్ సైన్యంల పని జేసి కొరియా యుద్ధం జూసొచ్చినోడు. శాన్‌ఫ్రాన్సిస్కో కాలేజీల పాఠాలు చెప్పిండు. ప్రతి సోమవారం రాత్రి ఒక క్లాసు పెట్టేటోడు. బుద్ధుడు, ఏసు, మత్తుల కనవడే లోకాలు, యుద్ధం, పెండ్లాం మొగల లొల్లి, ఏదన్న మాట్లాడేది. వెయ్యి మందికి పైన వచ్చి కూసునేటోళ్లు. 1970 అక్టోబర్ల ఆయన దేశమంత తిరిగి ఉపన్యాసాలు ఇయ్యబోతే, క్లాసుకు క్లాసే బస్సులు కొనుక్కొని ఎంట నడిచింది. యాభై అరవై బస్సుల బారు. నెలల తరబడి తిరిగిన్రు. తిరిగినంక మళ్ల పట్నంల విడిపోబుద్ధి కాలేదు. టెనెస్సీల భూమి అగ్గువ అని అటు దారి పట్టిన్రు.

చుట్టుపక్కల రైతులు మొదట గడగడలాడిన్రు. 1969ల చార్లెస్ మాన్సన్ ముఠా చేసిన హత్యలు ఇంక ఎవ్వరు మర్చిపోలేదు. జుట్టు పెంచిన గుంపు అంటే గా ముఠానే అనుకున్నరు. ఆ రైతుల దగ్గరికే పోయి వీళ్లు పని నేర్పమన్నరు. గుర్రాలను ఎట్ల కట్టాలె, దున్నుడు ఎట్ల, కర్ర కోసుడు ఎట్ల. డిగ్రీలు చదివిన పట్నం పిల్లలు చేతులు బొబ్బలెక్కంగ నేర్చుకున్నరు. ఆ పనిల ఉన్న సంబురం గురించి అక్కడ ఉన్నోళ్లంత ఇప్పటికీ చెప్తరు. మనకు ఇది కొత్త ముచ్చట కాదు. నాట్లప్పుడు బదులు పోయినోళ్లకు తెలుసు, పది మంది ఒక్క మడిల వంగితే నడుము నొప్పి గూడ పాట లెక్కనే ఉంటది. వాళ్లకు అది మొత్తం బతుకంత బదులే.

తిండి ముచ్చట చెప్పాలె. పాలు, గుడ్లు, ఆఖరికి తేనె గూడ ముట్టమన్నరు. మరి అంత మందికి బలం ఎట్ల? సోయా. మన నిజామాబాద్, ఆదిలాబాద్ దిక్కు రైతులు పండిచ్చి మార్కెట్ల అమ్మి మర్చిపోయే సోయా గింజలను వాళ్లు నానబెట్టి, రుబ్బి, పాలు తీసిన్రు. పాలు విరగ్గొట్టి టోఫూ చేసిన్రు, అంటే సోయా పన్నీరు. ఇండోనేషియా వాళ్ల టెంపే నేర్చుకున్నరు. పిల్లల కోసం సోయా ఐస్‌క్రీం గూడ చేసిన్రు. ఇయ్యాల హైదరాబాద్ పెద్ద దుకాణాలల్ల టోఫూ అని ప్యాకెట్ కట్టి అమ్ముతున్నరు గదా, అమెరికాల మామూలు ఇండ్లకు సోయా వంట తెలిసిన దాంట్ల ఈ హిప్పీల వంట పుస్తకానికి చాన వాటా ఉన్నది. తియ్య జొన్న పెట్టి, గడలు ఆడించి, రసం కాచి పాకం గూడ అమ్మిన్రు. జొన్న తోని బెల్లం పాకం!

ఇగ కాన్పుల ముచ్చట. ఇది ఫార్మ్ చేసిన పనులల్ల పెద్దది.

బస్సుల ప్రయాణంలనే కడుపుతోని ఉన్నోళ్లు ఉన్నరు. ఒక యూనివర్సిటీ పార్కింగ్ జాగల బస్సుల ఒకామెకు కాన్పైంది. పక్కన నిలబడ్డది ఐనా మే. ఇంగ్లిష్‌ల ఎం.ఏ. చదివిన మనిషి, తర్వాత గాస్కిన్ భార్య అయింది. మంత్రసాని పని ఏనాడు నేర్చుకోలే. ఆ ప్రయాణంలనే ఆమె సొంత బిడ్డ నెలలు నిండకముందే పుట్టి, దక్కలేదు. ఆ దుఃఖం తోనే టెనెస్సీ చేరింది. అక్కడ ఒక డాక్టర్ సాబ్ దగ్గర నేర్చుకుంట, ఇంకొందరు ఆడోళ్లను కలుపుకొని, మంత్రసానుల జట్టు తయారు చేసింది. అప్పట్ల అమెరికా దవాఖానలల్ల ఆడోళ్లను పండవెట్టి, మత్తిచ్చి, మొగన్ని బయట నిలబెట్టి కాన్పు చేసేటోళ్లు. ఫార్మ్‌ల ఇంట్లనే, తెలిసిన మనుషుల నడుమ, మొగడు చెయ్యి పట్టుకొని ఉండంగ కాన్పైతుండె. 1970 నుంచి 2000 దాక రెండు వేల పైచిలుకు కాన్పులల్ల నూటికి ఇద్దరికి గూడ కడుపు కోత పడలేదు. కష్టమైన కేసులను దవాఖానకు పంపేటోళ్లు, అక్కడి ఆడోళ్లు వయసుల చిన్నోళ్లు, సారా సిగరెట్ లేనోళ్లు. అదంత లెక్కల పెట్టుకున్నా అది చిన్న ముచ్చట కాదు. మన తెలంగాణల 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూటికి 60 మంది తల్లులకు కోత కాన్పే. దేశంల మనమే ఫస్టు. ఏ మంత్రసానులనైతే మనం 'చదువు లేనోళ్లు' అని పక్కకు నెట్టినమో, అదే పని మీద ఐనా మే రాసిన పుస్తకం ప్రపంచమంత తిరిగింది.

ఇంకో ముచ్చట. కాన్పుల బిడ్డ తల బయటికి వచ్చి భుజం ఇరికితే, తల్లిని మోకాళ్లు చేతుల మీద వంగుమంటే బిడ్డ జారి వస్తది. వైద్య పుస్తకాలల్ల దీన్ని 'గాస్కిన్ పద్ధతి' అంటరు. ఐనా మే దాన్ని గ్వాటెమాలల తెలుసుకున్నది, మాయా తెగ మంత్రసానుల నుంచి. ఆ సంగతి ఆమెనే ఎక్కడికి పోయినా చెప్పుతది. పుస్తకం మాత్రం ఆమె పేరే రాసుకున్నది. ఎవల పని, ఎవల పేరు... మనకు తెల్వని కథ కాదు.

గ్వాటెమాలకు ఎందుకు పోయిన్రంటే, 1976 ఫిబ్రవరిల అక్కడ భూకంపం వచ్చి ఇరవై వేల మందికి పైన సచ్చిపోయిన్రు. ఫార్మ్ వాళ్లు 1974లనే 'ప్లెంటీ' అని ఒక సేవా సంస్థ పెట్టుకున్నరు. వడ్రంగులు, మేస్త్రీలు పోయి మాయా ఊర్లల్ల ఇండ్లు కట్టిన్రు, సోయా పాలు తీసుడు నేర్పిన్రు. న్యూయార్క్ సౌత్ బ్రాంక్స్‌ల, అంబులెన్స్ పిలిస్తే టైముకు రాని బీదల వాడల, ఉత్తగ అంబులెన్స్ నడిపిన్రు. 1980ల రైట్ లైవ్లీహుడ్ అవార్డు మొట్టమొదటి ఏడు ఇస్తే, అందుకున్నోళ్లల్ల గాస్కిన్, ప్లెంటీ ఉన్నరు. చేతిల పైస లేనోళ్లు ఇంత చేసిన్రు. "పని పాట లేని గుంపు" అన్నోళ్లకు ఇది చెప్పాలె.

మరి ఇంత సంబురంల తన్నులాట ఏడ పుట్టింది?

మొదలు ఇరుకు దగ్గర. డేరాలు, బస్సులు, తర్వాత పెద్ద పెద్ద ఇండ్లు. ఒక్కో ఇంట్ల ముప్పై నలభై మంది. మొదటి ఏడే చెలిమె నీళ్ల పక్కన పెరిగిన ఆకుకూర తిని కామెర్ల రోగం అంటింది, చాన మంది మంచం పట్టిన్రు. ఒక చలికాలం గోధుమ గింజలు ఉడకబెట్టుకొని తినుడే మిగిలింది. పాతోళ్లు దాన్ని 'గోధుమ గింజల చలికాలం' అనే యాది చేసుకుంటరు. ఇయి కష్టాలే గని మనుషుల్ని విడగొట్టలేదు. ఆకలి అందరికి సమంగ ఉన్నప్పుడు కోపం తక్కువ ఉంటది. విడగొట్టినయి వేరే.

అక్కడ కోపానికొద్దు అన్న నియమం ఒకటి ఉండె. కోపం నీ చేతుల ఉన్నది, పెంచుకుంటె పెరుగుతది, కాబట్టి పెంచుకోకు అని. వినంగ బాగుంటది. నడిపేటప్పుడు ఏమైందంటే, ఎవరన్న మూతి ముడుచుకున్నా పంచాది పెట్టేటోళ్లు. "నీ మనసుల ఏముంది, చెప్పు" అని నలుగురు చుట్టూ కూసొని తవ్వేటోళ్లు. తెల్లారే దాక నడిచేది ఒక్కోసారి. మరీ మొండోళ్లనుకున్న మొగ పోరగాళ్లను ఒక్క డేరాల ఏసి, మీకు మీరే ఒకన్నొకడు రాపిడి పెట్టుకొని నున్నగ గాండ్రి అన్నరు. దానికి పేరు గూడ రాళ్లను తిప్పి నున్నగ చేసే మిషన్ పేరే. ఇంకా లొంగకపోతే కొన్నాళ్లు ఊరు బయటికి పొమ్మనేది. మన ఉమ్మడి కుటుంబాలల్ల లోపట కుళ్లేది లోపటనే దాస్తం, పైకి నవ్వుతం. అక్కడ దాచుకునే హక్కే లేదు. నాకు రెండూ ఊపిరాడని ఇండ్లే అనిపిస్తది. మనిషికి తలుపేసుకొని ఒక్కడే గంటసేపు ఏడ్సుకునే జాగ కావాలె, ఎంత ఆదర్శం ఉన్న ఊర్లనన్నా సరే.

ఆడోళ్ల సంగతి రెండు తీర్లు. మంత్రసానుల మాటకు తిరుగులేదు, అంత గౌరవం అప్పటి అమెరికాల ఏ ఆడమనిషికి దొరకదు. దాని పక్కనే ఇంకో సంగతి. గర్భం రాకుండ మందులు, లూప్‌లు వాడొద్దన్నరు. రోజులు లెక్కబెట్టుకొని జాగ్రత్త పడుడే. పైంగ, కడుపుతోని ఉండి దిక్కులేని ఆడోళ్లు ఎవరున్నా మా దగ్గరికి రాండ్రి, కాన్పు ఉత్తగ చేస్తం, బిడ్డను సాకలేమంటే మేము సాక్తం, ఎనకకు కావాలంటే తీసుకపోండ్రి అని లోకానికి చాటిన్రు. వచ్చిన్రు, వందల మంది. ఎంత గొప్ప మనసో జూడుండ్రి. అయితే పిల్లలు ఊరంత నిండిన్రు. ఆ పిల్లల గుడ్డలు ఉతికింది ఎవలు? నలభై మందికి వండింది ఎవలు? మొగోళ్లు ట్రాక్టర్, వడ్రంగం, మేస్త్రీ పనికి పోయిన్రు. ఆడోళ్లు కుండ దగ్గర, నీళ్ల దగ్గర. లోకం మొత్తం మార్చబోయిన ఊర్ల ఈ ఒక్కటి మారలేదు. నలుగురు కలిసి ఒక్క పెండ్లి అనే ప్రయోగం గూడ మొదట్ల చేసిన్రు, గాస్కిన్ ఇల్లే దానికి మొదలు. చాన మటుకు అవి నిలవలేదు, కొన్నేండ్లకు దాన్ని వదిలిపెట్టిన్రు.

ఇగ గాస్కిన్. ఆయన ఎక్కువ బువ్వ తినలేదు, మేడ కట్టుకోలేదు. ఇప్పటి మన బాబాల తోని పోలిస్తే ఆయన్ని తప్పు పట్టబుద్ధి కాదు. ఊర్ల గంజాయి చెట్లు దొరికితే తప్పు నాదే అని ఒప్పుకొని, ఇంకో ముగ్గురితోని 1974ల జైలుకు పోయి ఏడాది దాక ఉన్నడు. ఆదివారం పొద్దుగాల ఊరంత మైదానంల కూసొని ధ్యానం చేసేది, ఆయన మాట్లాడేది, అటెన్క పెండ్లిళ్లు. అంత బాగనే ఉన్నది. చిక్కు ఎక్కడంటే, ఆఖరి మాట ఆయనదే. ఏ పంట వేయాలె, ఎవర్ని చేర్చుకోవాలె, ఏ దేశానికి ఎంత మందిని పంపాలె, అన్నిట్ల ఆయన మనసు ఎటుంటే ఊరు అటు. ఓట్లు లేవు. ఇదంత ప్రేమతోని నడిచే ఊరు, ఓట్లెందుకు అనుకున్నరు.

లెక్కలు గూడ అట్లనే. చేరేటప్పుడు ఉన్నదంత ఖజానాకు రాసిచ్చి, ఇగ నాకంటూ ఏం వద్దు అని మాటిచ్చేది. ఎవరి చేతిల జీతం ఉండదు. చెప్పులు తెగినా, పంటి నొప్పికి పట్నం పోవాలన్నా ఖజానా దగ్గరికి పోయి అడగాలె. ముప్పై ఐదేండ్ల మొగోడు, దినమంత ఇటుకలు మోసినోడు, పోరనికి బూట్ల కోసం చెయ్యి చాపాలె. గట్టిగ అడిగేటోనికి దొరికేది, మొగమాటం ఉన్నోనికి దొరకలేదు. ఖజానాకు నగదు తెచ్చేది ఎవరంటే పక్క ఊర్లల్ల, పట్నాలల్ల కట్టుబడి పనులకు పోయే జట్లు. వాళ్లు వారమంత కష్టపడి తెచ్చింది ఏడికి పోయిందో వాళ్లకే తెల్వదు. వ్యవసాయం పెద్దగ చెయ్యాలని అప్పులు తెచ్చి కౌలుకు భూములు తీసుకున్నరు, నష్టపోయిన్రు. నెలలు నిండక పుట్టిన బిడ్డలకు, దెబ్బలు తగిలినోళ్లకు దవాఖాన బిల్లులు పెరిగినయి. ఇన్సూరెన్స్ లేదు. 1980 దాటంగనే అమెరికాల వడ్డీలు ఎగబాకినయి, కట్టుబడి పనులు పడిపోయినయి. బయటి దేశాలకు సాయం మాత్రం ఆపలేదు. ఇంట్ల పిల్లలకు బూట్లు లేవు, ఊరు పేరున లోకమంత సేవ. అప్పు లక్షల డాలర్లకు చేరింది. ఎంతున్నదో మామూలు సభ్యులకు తెలిసేసరికి ఊరు తాకట్టుల పోయే కాడికి వచ్చింది.

మన మహిళా సంఘాలల్ల చదువు రాని అమ్మ గూడ మీటింగ్‌ల పద్దుల బుక్కు తెరిచి చదవమంటది. వంద రూపాయల లెక్క తప్పితే లేసి నిలబడ్తది. పన్నెండు వందల మంది చదువుకున్నోళ్లు పన్నెండేండ్లు ఆ పని చేయలేదు. అడుగుడు అంటే అనుమానించుడు, అనుమానించుడు అంటే ప్రేమ లేకపోవుడు అనుకున్నరు. నా మటుకు నాకు ఫార్మ్ కథల అన్నిటికన్న కష్టమనిపించేది ఇదే. గంజాయి దాన్ని కూల్చలేదు, పోలీసులు కూల్చలేదు, బద్ధకం అసలే కాదు. తెరవని పద్దుల బుక్కు కూల్చింది.

దీనికి ఎదురు ఉదాహరణ ఒకటి ఉన్నది. వర్జీనియా రాష్ట్రంల 1967ల పెట్టిన ట్విన్ ఓక్స్. ఫార్మ్ కన్న పాతది, చాన చిన్నది, వంద మందికి అటు ఇటు. గురువు లేడు. పైసలు ఇయ్యాలటికి ఉమ్మడే. అక్కడ ప్రతి మనిషి వారానికి నలభై గంటల చుట్టుపక్కల పని చేయాలె, ఆ గంటలు కాయితం మీద రాయాలె. పైసలు తెచ్చే పని చేస్తే ఎంత లెక్కనో, అన్నం వండితే అంతే, పిల్లల్ని ఆడిస్తే అంతే, పాయిఖాన కడిగితే అంతే. గంటకు గంట. పిల్లల్ని కనాలన్నా ఊరితోని మాట్లాడి ఒప్పించుకోవాలె, ఎందుకంటే సాకేది ఊరు. వినంగ ఆఫీసు లెక్క చప్పగ ఉంటది. పాటలు రాసుకునే ముచ్చట కాదు. అయితే వంటకు, బట్టలకు గంటల లెక్క ఉన్న కాడ, "నువ్వు ఏం చేసినవ్" అని ఆడమనిషిని అడిగే నోరు లేవదు. నాకు ఫార్మ్ మీద ప్రేమ ఎక్కువ, ట్విన్ ఓక్స్ మీద నమ్మకం ఎక్కువ.

1983ల ఫార్మ్‌ల పెద్ద మీటింగులు అయినయి. ఆ మార్పును వాళ్లు 'చేంజోవర్' అంటరు. ఉమ్మడి ఖజానా బంద్. ఇగ నుంచి ఎవరి సంపాదన వాళ్లదే, ప్రతి పెద్దమనిషి ఊరికి ఇంత అని చందా కట్టాలె, అప్పు తీర్చాలె. నిర్ణయాలు ఎన్నుకున్న బోర్డు చేస్తది. చందా కట్టలేనోళ్లు పోవాల్సిందే. ఏం పట్టుకొని పోతరు? ఇరవై రెండేండ్లకు వచ్చి ఉన్నదంత ఇచ్చిన పిల్ల, ముప్పై నాలుగేండ్లకు ముగ్గురు పిల్లలతోని, చేతిల దాచుకున్న పైస లేకుంట రోడ్డు మీద నిలబడ్డది. కొన్నేండ్లల్ల వెయ్యి మంది దాక వెళ్లిపోయిన్రు. ఏడ్సిన్రు, తిట్టుకున్నరు. సోపతులు తెగినయి. ఉన్నోళ్లు పట్నాలల్ల ఉద్యోగాలు వెతుక్కున్నరు, నర్సు చదువులు చదివిన్రు, చిన్న చిన్న కంపెనీలు నిలబెట్టిన్రు. ఆ ఉన్నోళ్లే అప్పు తీర్చిన్రు, వెయ్యి ఏడు వందల ఎకరాలు దక్కిచ్చుకున్నరు.

పిల్లల సంగతి వేరే. ఫార్మ్‌ల పుట్టి, చిన్నప్పుడే తల్లితోని బయటికొచ్చిన ఇద్దరు అక్కాచెల్లెండ్లు 2013ల 'అమెరికన్ కమ్యూన్' అని డాక్యుమెంటరీ తీసిన్రు. ఊరి బయట బడికి పోతే తమ పుట్టుక చెప్పుకోను సిగ్గుపడి ఏండ్ల తరబడి దాచిన్రట. పెద్దగైనంక కెమెరా పట్టుకొని మళ్ల ఆ ఊరికే పోయి అడిగిన్రు, ఎందుకు పెట్టిన్రు, ఎందుకు ఇడిసిపెట్టిన్రు అని. దొరికితే జూడుండ్రి. అండ్ల అడవిల గుంపులు గుంపులుగ ఉరికే పిల్లల్ని జూస్తే, ఆ బాల్యం ఎవరికన్న కావాలనిపిస్తది. ఆ పిల్లల తల్లుల మొగాలు జూస్తే ఎందుకు వెళ్లిపోయిన్రో గూడ తెలుస్తది.

భూమి కొందమనుకునే ఆ ఆరుగురు దోస్తులు నన్ను అడిగేది నేలెట్లున్నది, నీళ్లున్నయా, ఏ పంట వస్తది అని. అవి నేర్చుకుంటే వస్తయి. శాన్‌ఫ్రాన్సిస్కో పిల్లలకే వచ్చినయి. నేను తిప్పి అడిగేది వేరే. ఆరుగురిల ఒకడు మూడేండ్లకు పోతనంటే వాని పైస ఎట్ల ఇస్తరు? కాయితం మీద భూమి ఎవల పేరు మీద? పెండ్లయి భార్య వస్తే ఆమెకు సంఘంల ఓటున్నదా, కుండ దగ్గర పీట మాత్రమే ఉన్నదా? ఎవరికన్న పెద్ద రోగం వస్తే దవాఖాన బిల్లు ఎవలిది? బుక్కు ఎవలు రాస్తరు, ఎన్నొద్దులకు ఒకసారి తెరుస్తరు? వీటికి జవాబు రాసుకునేటప్పుడే కొందరి సోపతి చెడుతది. చెడితే భూమి కొనకముందే చెడనియ్యిండ్రి.

ఫార్మ్ ఇప్పుడు రెండు వందల మంది ఊరు. మంత్రసానుల కేంద్రం నడుస్తున్నది. పుస్తకాలు అచ్చేసే కంపెనీ ఉన్నది, అణుధూళి ఎంత ఉన్నదో కొలిచే మిషన్లు చేసే కంపెనీ ఉన్నది. 1994ల పెట్టిన శిక్షణ కేంద్రంల మట్టి ఇండ్లు, సౌరశక్తి నేర్పుతరు. కొత్తగ చేరాలంటే కొన్నాళ్లు ఉండి జూడాలె, తర్వాత సభ్యులు ఓటేస్తరు. మొదటి తరం ముసలోళ్లైన్రు. వాళ్లను జూసుకునుడు ఎట్ల అన్నది ఇప్పటి మీటింగుల ముచ్చట. చేంజోవర్ తర్వాత గాస్కిన్ ఎటూ పోలేదు. ఏ అధికారం లేకుంట, అందరిల ఒకడిగ ఆ ఊర్లనే బతికిండు. 2014 జూలై 1న, 79 ఏండ్లకు, అక్కడి తన ఇంట్లనే కన్నుమూసిండు. ఆ ఇల్లు ఉన్న నేల అప్పుడు ఆయన పేరు మీద లేదు, ఇప్పుడు ఇంకెవరి పేరు మీద లేదు, ఊరు పేరు మీద ఉన్నది.